ఇంగ్లీషు మార్కుల కోసమేనా?
హాస్టల్ విద్యార్థులు, పరదేశపు కవులు



వార్షికోత్సవ సంచిక అనగానే క్రమశిక్షణ గురించో, సమయపాలన గురించో, కష్టపడితే కలెక్టర్ కావచ్చుననో రాయడం మన ఆనవాయితీ. అవి చెప్పేవాళ్ళు ఈ సంచికలో ఎలాగూ ఉంటారు. ఈ హాస్టళ్ళలో చదివి బయటికి వెళ్ళినవాళ్ళం, ఇంకా చదువుతున్నవాళ్ళం కలిసి కూర్చుని, ఈసారి కవుల గురించి రాద్దామనుకున్నాము. అదీ డెన్మార్కు కవుల గురించి, ఇంగ్లాండు కవుల గురించి. "ఏటి, మనకి ఈ గొడవేటి?" అని మీరు నవ్వుతారని తెలుసు. చివరిదాకా చదివి అప్పుడు నవ్వండి.

మన హాస్టళ్ళలో ఇంగ్లీషంటే ఏమిటి? పదో తరగతిలో గట్టెక్కవలసిన ఒక పేపరు. పద్యం వస్తే గైడులోని సారాంశం బట్టీ పట్టాలి. కవి పేరు ఒక మార్కు బిట్టు. ఆ కవి ఎవరి బిడ్డ, ఏం తిని బతికాడు, ఆ పద్యం ఎందుకు రాశాడు అన్నది ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అందుకే ఆ కవులంతా కోటు వేసుకున్న దొరలనీ, బంగళాల్లో పుట్టినవాళ్ళనీ, వాళ్ళ పుస్తకాలు కాన్వెంటు పిల్లల సొత్తనీ మనకు లోపల ఒక నమ్మకం స్థిరపడిపోయింది. ఆ నమ్మకం తప్పు. అది మనకు చేస్తున్న నష్టం పెద్దది. మా వాదన ఇదే.

వాళ్ళు ఎవరి బిడ్డలు?

చలిరాత్రి వీధిలో అగ్గిపుల్లలు అమ్ముకునే పాప కథ మీలో చాలామంది చదివే ఉంటారు. దాన్ని 1845లో రాసినవాడు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్. డెన్మార్కులోని ఓడెన్స అనే ఊళ్ళో 1805 ఏప్రిల్ 2న పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు. తల్లి ఊరివాళ్ళ బట్టలు ఉతికి బతికింది. పదకొండేళ్ళ వయసులో తండ్రి పోయాడు. పద్నాలుగో ఏట, 1819లో, తెలిసినవాళ్ళు ఎవరూ లేకపోయినా రాజధాని కోపెన్‌హాగెన్‌కు వెళ్ళిపోయాడు. అక్కడ నాటకశాల చుట్టూ తిరిగాడు. చివరికి యోనాస్ కోలిన్ అనే పెద్దమనిషి పూనుకుని రాజుగారి నిధి నుంచి ఉపకార వేతనం ఇప్పించి బడిలో చేర్పించాడు. అంటే ఆండర్సన్ కూడా స్కాలర్‌షిప్ విద్యార్థే. పదిహేడేళ్ళవాడు తనకంటే ఎంతో చిన్నపిల్లల పక్కన కూర్చుని పాఠాలు నేర్చుకున్నాడు.

ఆ బడి హెడ్మాస్టరు పేరు మైస్లింగ్. కుర్రవాణ్ణి అందరిముందూ తీసిపారేసేవాడు. కవిత్వం రాయవద్దన్నాడు. 1826లో ఆండర్సన్ రాసిన ఒక కవిత చూసి చీవాట్లు పెట్టాడు. చనిపోతున్న పసివాడు తల్లితో మాట్లాడే ఆ కవిత మరుసటి సంవత్సరం అచ్చయింది, మనసున్నవాళ్ళందరికీ నచ్చింది. హెడ్మాస్టరు పేరు ఈనాడు ఎవరికైనా తెలిసిందంటే ఆ విద్యార్థి వల్లనే తెలిసింది.

ఇక ఇంగ్లాండు. జాన్ కీట్స్ 1795లో పుట్టాడు. తండ్రి లండనులో అద్దె గుర్రాల శాలలో పనిచేసినవాడు. కీట్స్ చిన్నతనంలోనే తండ్రిని, తర్వాత తల్లిని పోగొట్టుకున్నాడు. మందుల పని, శస్త్రచికిత్స పని నేర్చుకున్నాడు. 1818లో బ్లాక్‌వుడ్స్ అనే పత్రిక అతని కవిత్వం మీద విరుచుకుపడింది. కవిత్వం మానేసి తిరిగి మందుల కొట్టుకు పోయి మాత్రలు చుట్టుకోమంది. ఆ మాట మనకు కొత్తదా? "మీకెందుకురా ఈ చదువులు, పోయి మీ పని చూసుకోండి" అన్న మాటకు అది ఇంగ్లీషు అనువాదం, అంతే. కీట్స్ 1821లో ఇరవై అయిదేళ్ళ వయసులో క్షయతో పోయాడు. ఆ విమర్శ రాసినవాణ్ణి ఎవరూ చదవడం లేదు. కీట్స్‌ను ప్రపంచమంతా చదువుతోంది.

జాన్ క్లేర్ సంగతి ఇంకా మనకు దగ్గర. 1793లో హెల్ప్‌స్టన్ అనే పల్లెటూళ్ళో పుట్టాడు. తండ్రి కళ్ళంలో ధాన్యం నూర్చే కూలీ. క్లేర్ కూడా పొలం పనులు చేస్తూనే కవిత్వం రాశాడు. 1820లో మొదటి పుస్తకం వచ్చినప్పుడు అట్టమీదే రైతుకూలీ కవి అని వేసి అమ్మారు. ఆ ఊరి ఉమ్మడి భూములకు కంచెలు వేసుకోవడానికి 1809లో చట్టం వచ్చింది. పశువులు మేసిన బీడు, పుల్లలు ఏరుకున్న తోపు, నడిచిన దారి పరులవైపోయాయి. క్లేర్ దాన్ని మరిచిపోలేదు, రాశాడు. మన ఊళ్ళలో బంజరు, చెరువు గర్భం, డొంక ఎవరి చేతుల్లోకి పోయాయో తెలిసినవాడికి క్లేర్‌ను అర్థం చేసుకోవడానికి గైడు అక్కర్లేదు.

షేక్‌స్పియర్ తండ్రి చేతి తొడుగులు కుట్టి అమ్మేవాడు. షేక్‌స్పియర్ యూనివర్సిటీ గడప తొక్కలేదు. యూనివర్సిటీలో చదివిన గ్రీన్ అనే రచయిత పేరిట 1592లో వచ్చిన పుస్తకంలో, ఇతరుల ఈకలు పెట్టుకున్న కాకి అంటూ అతణ్ణి వెక్కిరించారు. ఎవరికి ఏ ఈకలున్నాయో కాలమే తేల్చింది.

ఇంతమంది పేర్లు ఎందుకు చెబుతున్నామంటే, బీదతనం గొప్పదని చెప్పడానికి కాదు. బీదతనం క్లేర్‌ను పిచ్చాసుపత్రి పాలు చేసింది. అతను 1864లో అక్కడే పోయాడు. పుస్తకాల బీరువా దొరల ఆస్తి కాదని చెప్పడానికే ఇదంతా. అందులో మన వీధివాళ్ళూ ఉన్నారు.

యాస గురించి ఒక మాట

మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు పై చదువులకు వేరే జిల్లాలకు వెళ్ళినప్పుడు మొట్టమొదట ఎదుర్కొనేది యాస మీద నవ్వు. "ఏటి", "ఎల్లిపోనాడు", "వొచ్చీసినాడు" అంటే చాలు, పక్కబెంచీలో నవ్వు మొదలు. సినిమాల్లో కూడా మన యాస నవ్వులాటకే వాడారు. దాంతో కొందరు నోరు మూసుకుంటారు. తెలుగులోనే నోరు మూసుకున్నవాడు ఇంగ్లీషులో ఎలా నోరు విప్పుతాడు?

ఈ విషయంలో ఆ కవుల అనుభవం మనకు పనికొస్తుంది. ఆండర్సన్ 1835లో మొదటి కథలు అచ్చు వేసినప్పుడు విమర్శకులు మెచ్చలేదు. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడినట్లు రాయడమేమిటి, పుస్తకం భాష ఇలా ఉంటుందా అన్నారు. ఆండర్సన్ మార్చుకోలేదు. ఈనాడు ఆ మాట్లాడే తీరే ఆయన గొప్పతనమంటున్నారు. క్లేర్ తన ఊరి మాటలను కవిత్వంలో పెడితే అచ్చు వేసేవాళ్ళు దిద్దారు, కొన్ని తీసేశారు. ఆ దిద్దుబాట్లు తీసేసి క్లేర్ రాసింది రాసినట్టు అచ్చు వేయడం తర్వాతి కాలంలో జరిగింది.

మనకు గిడుగు రామమూర్తి పంతులుగారు ఉన్నారు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పనిచేశారు. జనం మాట్లాడే భాష బడిలోకి, పుస్తకంలోకి రావాలని జీవితమంతా పోరాడారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆయన సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవర భాషలోనే బడి పెట్టారు. సవర వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. దండ వేసి, ఉపన్యాసం చెప్పి, మర్నాడే "ఏటి" అన్న పిల్లవాణ్ణి చూసి నవ్వితే ఆ దండకు అర్థం లేదు.

కథలకు కంచెలు లేవు

డెన్మార్కు, ఇంగ్లాండు సాహిత్యాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఎలా నడిచిందో చూడండి. షేక్‌స్పియర్ నాటకాల్లో ఎంతో పేరున్న హామ్లెట్ డెన్మార్కు రాకుమారుడి కథ. ఆ కథను 1200 ప్రాంతంలో సాక్సో అనే డేనిష్ చరిత్రకారుడు లాటిన్‌లో రాసిపెట్టాడు. అది ఫ్రెంచిలోకి వెళ్ళింది. అక్కడినుంచి ఇంగ్లాండు చేరి, 1600 ప్రాంతంలో షేక్‌స్పియర్ చేతిలో నాటకమైంది. నాటకం జరిగే కోట హెల్సింగోర్ అనే ఊళ్ళో ఉంది. ఆండర్సన్ హెడ్మాస్టరు చేత తిట్లు తిన్నది కూడా ఆ ఊళ్ళోనే.

బేవుల్ఫ్ కథ ఇంకా విచిత్రం. ఇంగ్లీషు భాషలో మొట్టమొదటి మహాకావ్యమని దానికి పేరు. అందులో కథ మొదలయ్యేది డేనుల రాజు కొలువులో. ఉన్నది ఒక్కటే రాతప్రతి. 1731లో మంటల్లో అంచులు కాలి, ఎలాగో బతికింది. ఇంగ్లాండులో దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. డెన్మార్కు కొలువులో పనిచేస్తున్న థోర్కెలిన్ అనే ఐస్‌లాండ్ పండితుడు లండను వెళ్ళి దానికి నకలు తెచ్చాడు. 1807లో ఇంగ్లీషు నౌకాదళం కోపెన్‌హాగెన్ మీద బాంబులు వేసినప్పుడు అతని ఇల్లు కాలి, ఏళ్ళ తరబడి చేసిన పని బూడిదైంది. నకళ్ళు మిగిలాయి. మళ్ళీ మొదలుపెట్టి 1815లో అచ్చు వేశాడు. 1820లో గ్రుంట్విగ్ అనే డేనిష్ కవి దాన్ని తన భాషలోకి తెచ్చాడు. పూర్తి ఇంగ్లీషు అనువాదం 1837లో గాని రాలేదు. అంటే ఇంగ్లీషువాళ్ళ తొలి కావ్యాన్ని ముందు అచ్చు వేసిందీ, ముందు తమ భాషలోకి తెచ్చుకున్నదీ డెన్మార్కువాళ్ళు.

మనకూ అలాంటిది జరిగింది. వేమన పద్యాలను మన పండితులు చిన్నచూపు చూస్తున్న కాలంలో సి.పి. బ్రౌన్ అనే ఇంగ్లీషు ఉద్యోగి వాటిని ఏరి, ఇంగ్లీషులోకి మార్చి 1829లో అచ్చు వేశాడు. అంతకుముందే, తరంగంబాడిలోని డేనిష్ మిషన్ తరఫున వచ్చిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని, 1728లోనే తెలుగు వ్యాకరణం రాశాడు. ఆయన తెలుగు పుస్తకాలు 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో అచ్చయ్యాయి. తొలి తెలుగు అచ్చు పుస్తకాలుగా వాటినే చెబుతారు. మతప్రచారానికే వచ్చినా, మన అక్షరానికి మొదటి అచ్చు ఆ దారిలోనే దొరికింది.

మన జిల్లాల పెద్దలు కూడా పరదేశపు పుస్తకాలను చూసి భయపడలేదు. బొబ్బిలి దగ్గర అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారు కాలికి గజ్జె కట్టి హరికథ చెప్పినవారు. ఆయనే షేక్‌స్పియర్‌ను, కాళిదాసును పక్కపక్కన పెట్టి 'నవరస తరంగిణి' రాశారు. గురజాడ అప్పారావుగారు విజయనగరంలో చదువుకునే రోజుల్లో, 1883లో, 'సారంగధర' అని ఇంగ్లీషులోనే పద్యకావ్యం రాశారు. మెచ్చుకున్న శంభుచంద్ర ముఖర్జీ అనే కలకత్తా సంపాదకుడే తెలుగులో రాయమని సలహా ఇచ్చాడని చెబుతారు. తర్వాత ఏం వచ్చిందో మీకు తెలుసు. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ఆడింది. శ్రీకాకుళంలో పుట్టిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి 'అల్పజీవి'లో ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ ప్రభావం ఉందని విమర్శకులంటారు. కాని అందులోని భయం, బెరుకు, మాట తీరు అన్నీ మన ఊరివే.

ఇంకొక పోలిక. ఇబ్సెన్ నార్వే దేశస్థుడు. కాని ఆ కాలంలో నార్వే పుస్తకాల భాష దాదాపు డేనిష్ భాషే. అతని నాటకాలు కోపెన్‌హాగెన్‌లో అచ్చయ్యేవి. భర్త ఇంట్లో బొమ్మలా బతకలేనని బయటికి నడిచిన నోరా కథ 'బొమ్మరిల్లు' నాటకంగా 1879 డిసెంబరులో కోపెన్‌హాగెన్ రాజ నాటకశాలలో మొదట ఆడింది. కన్యాశుల్కం దాని తర్వాత పదమూడేళ్ళకు వచ్చింది. ఒకదాని ప్రభావం రెండోదానిమీద ఉందని మేము అనడం లేదు. ఆడపిల్లను వస్తువుగా చూసే ఇంట్లో ఎంత కుళ్ళు ఉందో అక్కడి రచయితా ఇక్కడి రచయితా దాదాపు ఒకే కాలంలో రంగస్థలం మీద చూపించారని మాత్రమే అంటున్నాము. రెండూ చదివిన చెల్లికి మూడుముళ్ళ గురించి తొందరపడే బంధువులకు జవాబు చెప్పే ధైర్యం వస్తుంది. చదువుకు ఇంతకన్నా ప్రయోజనం ఏముంది?

హాస్టల్ అనే ఆలోచన

పైన చెప్పిన గ్రుంట్విగ్ గురించి మరికొంచెం చెప్పాలి. ఈయన కవి, మతబోధకుడు. 1829 నుంచి మూడు వేసవులు ఇంగ్లాండు వెళ్ళాడు. కేంబ్రిడ్జిలో గురువులు, శిష్యులు ఒకచోట ఉండి, కలిసి తిని, మాట్లాడుకుంటూ చదవడం చూశాడు. పెద్దింటి పిల్లలకున్న ఆ ఏర్పాటు రైతుల పిల్లలకు ఎందుకు ఉండకూడదు అనుకున్నాడు. లాటిన్ బట్టీ పట్టించే బడిని చావుబడి అన్నాడు. మాతృభాషలో, మాటలతో, పాటలతో, చర్చలతో నడిచే బడి కావాలన్నాడు. ఆ ఆలోచనతో 1844లో రోడింగ్ అనే ఊళ్ళో మొదటి జానపద ఉన్నత పాఠశాల వెలిసింది. 1851లో క్రిస్టెన్ కోల్డ్ అనే ఉపాధ్యాయుడు అలాంటిదే ఇంకొకటి పెట్టి, విద్యార్థులతోనే ఉంటూ, వాళ్ళతోనే తింటూ చదువు చెప్పాడు. ఆయన కూడా చెప్పులు కుట్టేవాడి కొడుకే.

అంటే హాస్టల్ అన్నది బియ్యం, పప్పు, దుప్పటి, ట్రంకుపెట్టె మాత్రమే కాదు. నలుగురు కలిసి ఉండడం వల్ల పుట్టే మాట, పాట, చర్చ కూడా హాస్టలే. మనకు మొదటిది అంతో ఇంతో అందుతోంది. రెండోది మనమే చేసుకోవాలి, దానికి బడ్జెట్ విడుదల కానక్కర్లేదు.

రెండువైపుల నుంచి వచ్చే అభ్యంతరాలు

"ముందు పాసవ్వాలి, తర్వాత కవిత్వం" అని మన మాస్టార్లు, అమ్మానాన్నలు అంటారు. న్యాయమే. నాన్న చెన్నైలోనో హైదరాబాదులోనో తాపీ పనికి వలస వెళ్ళి, అమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టి చదివిస్తుంటే ఫెయిలయ్యే హక్కు మనకు లేదు. కాని బట్టీ పట్టిన ఇంగ్లీషు పరీక్ష హాలు గుమ్మం దాటగానే జారిపోతుంది. ఇష్టపడి చదివిన కథలోని వాక్యం ఇంటర్వ్యూలో కూడా నోటికొస్తుంది. కవిత్వం మార్కులకు అడ్డు కాదు, దగ్గర దారి.

"ఇంగ్లీషు వద్దు, తెలుగే ముద్దు" అని మరికొందరు పెద్దలు అంటారు. వాళ్ళ మనవలు ఏ మీడియంలో చదువుతున్నారో అడిగితే చాలామంది మాట మారుస్తారు. మనకు ఇంగ్లీషు కావాలి. అంబేడ్కర్ ఇంగ్లీషులో రాసినందుకే ఆయన మాట ప్రపంచమంతా విన్నది. సావిత్రీబాయి ఫూలే 1854లో అచ్చయిన తన కవితల పుస్తకంలో ఇంగ్లీషు నేర్చుకోమని శూద్ర, అతిశూద్రులకు చెప్పింది. అయితే ఆ మాట చెప్పింది మరాఠీలో! అది గమనించండి. ఒక భాష కోసం ఇంకొకదాన్ని వదలమని ఆమె అనలేదు.

2019లో మన రాష్ట్ర ప్రభుత్వం బడులన్నిటిలో ఇంగ్లీషు మీడియం పెడుతూ ఉత్తర్వు ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అప్పుడు పత్రికల నిండా వాదనలే. మీడియం ఏదైనా, పిల్లవాడి చేతికి పాఠ్యపుస్తకం కాకుండా ఇంకొక పుస్తకం అందుతోందా అని అడిగినవాళ్ళు తక్కువ. మా ప్రశ్న అదే.

డెన్మార్కు జనాభా ఇప్పుడు సుమారు 60 లక్షలు. తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలోనే 8 కోట్ల పైన. ఆ చిన్న దేశంలో పిల్లలు ఇంగ్లీషు చక్కగా మాట్లాడతారు, చదువు మాత్రం డేనిష్‌లో సాగుతుంది. ఆ భాషలో రాసినవాళ్ళలో ముగ్గురికి సాహిత్యంలో నోబెల్ వచ్చింది, 1917లో ఇద్దరికి కలిపి, 1944లో ఒకరికి. భాష చిన్నదా పెద్దదా అన్నది తల లెక్కతో తేలదు, ఆ భాషవాళ్ళ పట్టుదలతో తేలుతుంది.

హంస గుడ్డు సంగతి

ఇన్ని పొగడ్తలు చెప్పాక ఒక పేచీ కూడా చెప్పాలి. పరదేశపు కవులను చదవమన్నాము గాని కాళ్ళకు మొక్కమనలేదు. ఆ కవుల దేశాలు పుణ్యక్షేత్రాలు కావు. డెన్మార్కు కరీబియన్ దీవుల్లో 1848 దాకా బానిసలతో చెరుకు తోటలు నడిపింది. ఇంగ్లీషువాళ్ళ పాలనలో 1866 కరువు ఒరిస్సాతోపాటు మన గంజాం ప్రాంతాన్నీ తినేసింది. పుస్తకాన్ని మన కళ్ళతో చదవాలి.

ఆండర్సన్ 1843లో రాసిన అందవికారపు బాతుపిల్ల కథ తెలుసు కదా. బాతుల దొడ్లో పుట్టిన ఒక పిల్లను అందరూ పొడుస్తారు, తరుముతారు. చలికాలమంతా ఒంటరిగా పడరాని పాట్లు పడుతుంది. చివరికి నీళ్ళలో తన నీడ చూసుకుంటే అది హంస! హంస గుడ్డులోంచి వచ్చినప్పుడు బాతుల దొడ్లో పుట్టినా పరవాలేదని కథ తేలుస్తుంది. ప్రపంచమంతా ఈ కథను అణగారినవాళ్ళకు ధైర్యమిచ్చే కథ అంటుంది. మొదటి సగం నిజంగా మన కథే. ఆ పొడుపులు మనం తిన్నవే.

రెండో సగం దగ్గర మాకు పేచీ ఉంది. బాతుపిల్ల గెలిచింది తన కష్టం వల్ల కాదు, గుడ్డు వల్ల. పుట్టుకే అంతా అన్నమాట! ఈ మాట మన దేశంలో మూడువేల ఏళ్ళ నుంచి వింటున్నాము. దానివల్లే కదా మన తాతలు ఊరి బయట ఉన్నారు. పైగా అది హంసే కాకుండా మామూలు బాతుపిల్లే అయితే? అప్పుడు దాన్ని పొడవడం న్యాయమేనా? దొడ్లో మిగిలిన బాతుల మాటేమిటి?

ఇది బడి ప్రశ్న మాత్రమే కాదు, బతుకు ప్రశ్న. మన హాస్టళ్ళ నుంచి ఉద్యోగాలకు వెళ్ళిన కొందరు పట్నంలో ఇల్లు కట్టుకుని, యాస మార్చుకుని, ఇంటిపేరు చెప్పడానికి జంకి, ఊరివైపు చూడడం మానేస్తున్నారు. మేము ఎప్పుడూ హంసలమే, పొరపాటున ఆ దొడ్లో పుట్టాము అన్నట్టు ఉంటారు. వాళ్ళనే తప్పు పట్టలేము, బాతుగా ఉంటే ఎవరూ గౌరవించని లోకం ఇది. కాని మన చదువు ఒక్కొక్కరం హంసలై ఎగిరిపోవడానికైతే, దొడ్డి ఎప్పటికీ అలాగే ఉంటుంది. బాతును బాతుగానే గౌరవించే లోకం కావాలి. ఆ మాట గురజాడ 1911లో 'లవణరాజు కల'లో మాలపిల్లను నిలబెట్టి అడిగారు, జాషువా 1941లో 'గబ్బిలం' చేత అడిగించారు. వాళ్ళిద్దరినీ ఆండర్సన్ పక్కన పెట్టి చదివితే ఎవరు ఎక్కడిదాకా నడిచారో తెలుస్తుంది.

ఆండర్సన్‌కు కూడా ఇది తెలియకపోలేదు. 1850ల మొదట్లో ఆయన ఇంకొక కథ రాశాడు. చలినీళ్ళలో గంటల తరబడి నిలబడి బట్టలు ఉతికే ఒక తల్లి, ఆ చలికి తట్టుకోలేక కొంచెం సారా తాగుతుంది. ఊరి పెద్దమనిషి ఆమె కొడుకుతోనే "మీ అమ్మ దేనికీ పనికిరాదు" అంటాడు. తల్లి ఆ నీళ్ళలోనే కూలిపోతుంది. ఆమె బతుకంతా తెలిసిన ఇంకొక పేదరాలు మాత్రం ఆ మాట అబద్ధమని కొడుకుకు చెబుతుంది. ఇక్కడ హంస లేదు, గుడ్డు లేదు. ఉన్నది బట్టలుతికే తల్లే, గౌరవం ఆమెకే. ఆండర్సన్ రాసినది తన తల్లిని తలుచుకునే. నాగావళి రేవులోనో, చంపావతి రేవులోనో నడుంలోతు నీళ్ళలో నిలబడ్డ మన అమ్మలను చూసినవాళ్ళకు ఈ కథ వేరే ఎవరూ బోధించనక్కర్లేదు. బాతుపిల్ల కథ పాఠ్యపుస్తకాలకెక్కింది. ఈ కథ ఎక్కలేదు. ఎందుకో ఆలోచించండి.

మనం చేయగలిగినవి

ఉపన్యాసం చాలు. చేతనైన పనులు నాలుగు చెబుతాము.

ఒకటి, ప్రతి హాస్టల్లో ఒక్క బీరువా. పూర్వ విద్యార్థులు ఉద్యోగంలో చేరిన మొదటి నెల జీతంలో రెండు పుస్తకాలు కొని ఇవ్వాలి. ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లీషు. తాళం వార్డెన్‌గారి దగ్గర కాకుండా పిల్లల దగ్గరే ఉండాలి. పుస్తకం చిరిగితే చిరగనివ్వండి. చదివినందుకే చిరుగుతుంది.

రెండు, శనివారం స్టడీ అవర్లో ఒక గంట పైకి చదవడం. కథను ముందు తెలుగులో చదవాలి, తర్వాత అదే కథ ఇంగ్లీషులో. అర్థం ముందే తెలుసు గనుక ఇంగ్లీషు మాట భయపెట్టదు. తప్పు చదివినవాణ్ణి చూసి నవ్వకూడదన్నది ఒక్కటే నిబంధన. సవర, జాతాపు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అదే కథను తమ భాషలో చెబితే అందరం విందాము.

మూడు, ఏడాదికొకసారి శ్రీకాకుళంలోని కథానిలయానికి, విజయనగరంలోని గురజాడవారి ఇంటికి వెళ్ళిరావడం. కారా మాస్టారుగా మనమందరం ఎరిగిన కాళీపట్నం రామారావుగారు తనకొచ్చిన పురస్కారాల సొమ్ము పెట్టి 1997లో కథానిలయం తెరిచారు. 2021లో ఆయన పోయారు, కథలు ఉన్నాయి. తెలుగులో వచ్చిన ప్రతి కథనూ ఒకచోట చేర్చాలనుకున్న బడిపంతులు మన జిల్లావాడు. ఆ గదుల్లో ఒక పూట కూర్చుంటే సినిమా మీద ఇష్టం తగ్గదు గాని, పుస్తకం మీద భయం తగ్గుతుంది.

నాలుగు, రాయడం. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మనో నానమ్మనో అడిగి ఒక్క కథ, ఒక్క పాట, ఒక్క వలస అనుభవం వాళ్ళ మాటల్లోనే రాసుకుని రండి. "ఎల్లిపోనాడు" అంటే "వెళ్ళిపోయాడు" అని దిద్దకండి. వచ్చే వార్షికోత్సవ సంచిక వాటితోనే నింపుదాము. అందులో ఒకటి రెండు ఇంగ్లీషులోకి కూడా మారుద్దాము.

ఓడెన్సలో బట్టలుతికిన తల్లి కథ మన దాకా వచ్చింది. మన అమ్మల కథ అక్కడికి ఇంకా చేరలేదు. దారి ఎటూ తెరిచే ఉంది. నడవవలసింది మనమే.